తెలిసిన కథకు తడిసే కళ్లు

రాత్రి రెండు దాటి ఉంటుంది. ఊరి తీర్థంలో హరిశ్చంద్ర నాటకం. వెనక తెర మీద శ్మశానం బొమ్మ, స్టేజీకి ఒక మూల ఎర్ర కాగితం చుట్టిన బల్బు. అదే చితిమంట. చంద్రమతి ఒళ్లో లోహితాస్యుడిని పడుకోబెట్టుకుని పద్యం ఎత్తుకుంది. పట్టా మీద నిద్రకు తూగుతున్న నేను ఉలిక్కిపడి పక్కకు చూశాను. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆవిడ పక్కనున్నావిడ కూడా ఏడుస్తోంది. వెనక నిలబడ్డ మగవాళ్లలో ఒకాయన తువాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు, చెమట పట్టినట్టు.

"నానమ్మా, అది నాటకం కదా, ఎందుకు ఏడుస్తున్నావు?" అన్నాను.

"నాటకమని నాకు తెలీదేంట్రా? ఏడవడానికేగా ఇంత దూరం నడిచొచ్చింది!" అంది.

ఆ మాట నాతో చాలా ఏళ్లు ఉండిపోయింది. నానమ్మకు ఆ కథ చివరిదాకా తెలుసు. లోహితాస్యుడు మళ్లీ లేస్తాడని తెలుసు. ఆ పిల్లవాడు పొద్దున సంతలో జీళ్లు కొనుక్కుంటూ కనిపించిన నటుడి కొడుకేనని కూడా తెలుసు. తెలిసి తెలిసి ఏడ్చింది. ఏడ్చాక హాయిగా ఇంటికి నడిచొచ్చింది. సొంత కష్టానికి ఏడిస్తే తలనొప్పి పట్టుకునే మనిషికి, ఎవరిదో కల్పిత కష్టానికి ఏడిస్తే మనసు తేలికపడడం ఏమిటి? ఈ ప్రశ్న చుట్టూ గత 50 ఏళ్లలో శరీరశాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలా పని చేశారు. వాళ్లు చెబుతున్నది నానమ్మ మాటకు దగ్గరగానే ఉంది.

ముందు కన్నీటి సంగతి చూద్దాం. పైరెప్ప కింద, చెవి వైపు మూలలో, బాదం గింజ ఆకారంలో ఒక గ్రంథి ఉంటుంది. కన్నీటిలో ఎక్కువ భాగం అక్కడే ఊరుతుంది. మామూలుగా కంటి మీద ఉండే నీరు సుమారు 7 మైక్రోలీటర్లు. రెప్ప కొట్టినప్పుడల్లా అది కంటి మీద పూతలా పరుచుకుంటుంది. కంటి లోపలి మూల, పై రెప్ప అంచున ఒకటి, కింది రెప్ప అంచున ఒకటి సూదిమొనంత రంధ్రాలు ఉంటాయి. వాడిన నీరు వాటిలోంచి ముక్కులోకి దిగిపోతుంది. ఏడుస్తున్నవాళ్లకు ముక్కు కారేది అందుకే. కన్ను పట్టగలిగేది మహా అయితే 30 మైక్రోలీటర్లు, అంటే ఒక చుక్క కంటే తక్కువే. అంతకు మించితే నీరు రెప్ప దాటి చెంప మీదికి జారుతుంది. అంటే, కళ్లు చెమర్చడానికీ కన్నీరు కారడానికీ మధ్య ఉన్న దూరం ఒక్క చుక్క కూడా కాదు.

కన్నీళ్లు మూడు రకాలు. కంటిని తడిగా ఉంచేవి ఒకటి. ఉల్లిపాయ తరిగినప్పుడు, పొగ తగిలినప్పుడు వచ్చేవి రెండోవి. మనసు కదిలినప్పుడు వచ్చేవి మూడోవి. భరతుడి నాట్యశాస్త్రంలో 'అశ్రువు' గురించి చెప్పిన చోట నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలుగుతుంది. కన్నీటికి కారణాలు చెబుతూ ఆయన ఆనందం, కోపం, పొగ, కాటుక, ఆవులింత, భయం, శోకం, రెప్ప వేయకుండా చూడడం, చలి, జబ్బు అని వరుసగా ఎంచాడు. పొగనూ శోకాన్నీ ఒకే వరుసలో పెట్టాడు. శరీరం దృష్టిలో రెండూ ఒకే గ్రంథి చేసే పని అని గమనించినవాడే అలా చెప్పగలడు. ఇంకో విశేషం, ఆ వరుసలో మొదట ఉన్నది శోకం కాదు, ఆనందం.

పొగకు వచ్చే కన్నీటికి, పద్యానికి వచ్చే కన్నీటికి గ్రంథి ఒకటే అయినా కబురు వచ్చే దారి వేరు. పొగ తగిలితే కంటి పైపొరలోని నాడి మెదడుకు చెబుతుంది, మెదడు గ్రంథికి చెబుతుంది. పద్యం తగిలినప్పుడు ఆజ్ఞ మెదడు లోపలి భావోద్వేగ కేంద్రాల నుంచి బయలుదేరుతుంది. చివరకు రెండూ చేరేది ఏడో కపాల నాడిలోకే. ముఖకవళికలను కదిలించేదీ ఈ నాడే, నోట్లో లాలాజలం ఊరించేవాటిలోనూ ఇదొకటి. అందుకే ముఖ పక్షవాతం వచ్చి తగ్గిన కొందరిలో ఆ నాడి పోగులు దారి తప్పి మొలుస్తాయి. అన్నం తింటుంటే ఒక కంట నీరు కారుతుంది. వైద్యులు దాన్ని మొసలి కన్నీటి లక్షణం అంటారు. పాపం, ఆ రోగిలో మొసలి గుణమేమీ లేదు. ఉన్నది తీగల తికమక మాత్రమే.

ఏడిస్తే శరీరంలోని విషాలు బయటకు పోతాయని ఒక నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. దీనికి మూలం అమెరికాకు చెందిన జీవరసాయన శాస్త్రవేత్త విలియం ఫ్రే 1980లలో చేసిన పని. సినిమా చూసి ఏడ్చినవారి కన్నీటిలో, ఉల్లిపాయ ఘాటుకు వచ్చిన కన్నీటి కంటే ప్రోటీన్లు ఎక్కువ ఉన్నాయని ఆయన చూపించాడు. అక్కడి నుంచి విషాల దాకా వెళ్లడం మాత్రం తొందరపాటు. మైక్రోలీటర్లలో కారే నీరు రక్తాన్ని శుభ్రం చేయలేదు, ఆ పని మూత్రపిండాలది. ఏడుపు తర్వాత వచ్చే తేలికకు కారణం వేరే చోట వెతకాలి.

ఆ వెతుకులాటలో నాకు బాగా నచ్చిన పరిశోధన 1979 నాటిది. జే ఎఫ్రాన్, తిమొతీ స్పాంగ్లర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 'ద మిరకిల్ వర్కర్' చూసినవారి కన్నీళ్లను పరిశీలించారు. చూపూ వినికిడీ లేని చిన్నారి హెలెన్ కెల్లర్‌కు ఆమె టీచర్ ఆనీ సలివన్ మాటలు నేర్పిన కథ అది. కథ నిండా పెనుగులాట ఉంటుంది. పిల్ల తంతుంది, కంచాలు విసురుతుంది, టీచర్ పట్టు వదలదు. చివరకు చేతిపంపు దగ్గర, చేతి మీద పడుతున్న చల్లటి దానికి ఒక పేరుందని, అది నీరని ఆ పిల్లకు ఒక్కసారిగా తెలుస్తుంది. ఎఫ్రాన్, స్పాంగ్లర్ చెప్పేది ఏమిటంటే, కన్నీరు ఉత్కంఠ పెరుగుతున్నప్పుడు రాదు. అది వీడిపోయే క్షణంలో వస్తుంది.

ఇది శరీరంలో జరిగే తీరు కూడా ఆసక్తికరంగా ఉంటుంది. మనకు తెలియకుండా పనిచేసే నాడీ వ్యవస్థలో రెండు పాయలున్నాయి. ఒకటి బిగిస్తుంది. గుండె వేగం పెంచుతుంది, అరచేతులు చెమర్చేలా చేస్తుంది, వెంట్రుకలు నిక్కబొడిచేలా చేస్తుంది. రెండోది సడలిస్తుంది. గుండెను నెమ్మదింపజేస్తుంది, జీర్ణం నడిపిస్తుంది. కన్నీటి గ్రంథిని ప్రధానంగా నడిపేది ఈ రెండో పాయే. నాటకం మనల్ని గంటల తరబడి బిగిస్తుంది. గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు ఉంటుంది. ఊపిరి ఎక్కువ కావాలని కంఠద్వారం తెరుచుకునే ఉండాలని చూస్తుంది, గుటక వేయాలంటే అది మూసుకోవాలి. ఆ పెనుగులాటే ముద్దలా తెలుస్తుంది. ఆ తర్వాత ఏదో ఒక క్షణంలో మొదటి పాయ పట్టు వదులుతుంది, రెండోది అందుకుంటుంది. కన్ను నిండుతుంది.

దీన్ని కాటిసీనుకు అన్వయించి చూడండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకాన్ని, అందులోకి నటులు తెచ్చి కలుపుకున్న జాషువా శ్మశానవాటి పద్యాలతో సహా, తెలుగునేల మీద ఎన్ని తరాలు విన్నాయో లెక్క లేదు. ఆ సీనులో కన్నీళ్లు కచ్చితంగా ఎక్కడ కారతాయి? పిల్లవాడు పాము కరిచి పడిపోయినప్పుడు గుండె గుబేలుమంటుంది కానీ కళ్లు ఇంకా పొడిగానే ఉంటాయి. చంద్రమతి శవాన్ని మోసుకొచ్చి దహనానికి సిద్ధమైనప్పుడు బిగువు ఇంకా పెరుగుతుంది. కాటికాపరి వచ్చి సుంకం కట్టందే కాల్చనివ్వనంటాడు. తన దగ్గర ఏమీ లేదంటుందామె. నీ మెడలో మంగళసూత్రం ఉంది కదా, అది అమ్మి కట్టు అంటాడు. ఆ సూత్రం భర్తకు తప్ప మరెవరికీ కనిపించదని ఆమెకు తెలుసు. మనకూ తెలుసు. ఎదురుగా ఉన్నవాడెవరో ఆమెకు అర్థమయ్యే ఆ అరక్షణం ఉంది చూశారూ, మైదానంలో కొంగులు పైకి లేచేది అక్కడే.

అది కష్టం తీరిన క్షణం కాదు. బిడ్డ ఇంకా నేల మీదే ఉన్నాడు, సుంకం ఇంకా బాకీయే. అయినా ఒక్కటి మారింది. విడిపోయినవాళ్లు కలిశారు. నా ఉద్దేశంలో కళ ముందు కూర్చున్నప్పుడు వచ్చే కన్నీటిలో ఎక్కువ భాగం ఇలాంటిదే. మనల్ని ఏడిపించేది కష్టం కాదు, కష్టం నడుమ కనిపించిన మంచితనం, కష్టం నడుమ తెగకుండా మిగిలిన బంధం. కష్టం నేలను దున్ని పెడుతుంది, అంతే.

ఈ భావానికి ఒక పేరు పెట్టాలని లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్రవేత్త అలన్ ఫిస్క్, ఆయనతో కలిసి పనిచేసిన బయాటె జైబ్ట్, థామస్ షూబర్ట్ అనుకున్నారు. ఒక్కో భాషలో దీన్ని ఒక్కోలా అంటారు. మనం కదిలిపోయాం అంటాం, కరిగిపోయాం అంటాం, మనసు చెమ్మగిల్లింది అంటాం. ఏ ఒక్క భాషకూ పక్షపాతం ఉండకూడదని వాళ్లు ఎవరూ రోజూ మాట్లాడని భాషకు వెళ్లి, సంస్కృతం నుంచి 'కామమూత' అనే మాట తెచ్చుకున్నారు. ప్రేమ చేత కదిలిన అని దాని అర్థం. తెలుగు చెవికి కామం అనే మాట ఇరుకుగా వినిపిస్తుంది కానీ, ఇక్కడ దాని అర్థం వాత్సల్యం, స్నేహం, ఊరి మీద మమకారం, భక్తి అన్నీ. 2019లో వెలువడిన వాళ్ల అధ్యయనం 19 దేశాల్లో, 15 భాషల్లో, 3,500 మందికి పైగా మనుషులతో జరిగింది. అన్నిచోట్లా దొరికిన లక్షణాలు ఒకేలా ఉన్నాయి: గుండెల్లో వెచ్చదనం, కళ్లలో నీరు, ఒంటి మీద పులకలు, దాంతోపాటు మన అనుకున్నవాళ్లకు మరింత దగ్గర కావాలన్న కోరిక. ఒక బంధం ఉన్నట్టుండి గట్టిపడడం కళ్లారా చూసినప్పుడు ఈ భావం పుడుతుందన్నది వాళ్ల సిద్ధాంతం.

వాళ్లు ఏ ప్రయోగశాలలోనూ ఏర్పాటు చేయలేనంత పెద్ద ప్రయోగం 2023లో తెలంగాణ పల్లెల్లో దానంతటదే జరిగింది. ఆ ఏడాది మార్చిలో వేణు యెల్దండి దర్శకత్వంలో 'బలగం' వచ్చింది. కొద్ది వారాల్లోనే ఊళ్లకు ఊళ్లు పంచాయతీ దగ్గర తెర కట్టి, అందరూ నేల మీద కూర్చుని చూడడం మొదలుపెట్టారు. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిట్టకు పెడితే పిట్ట ముట్టదు. ఎప్పుడో భోజనాల దగ్గర నల్లి బొక్క మీద మొదలైన పంతం ఆ ఇంటి ఆడబిడ్డను ఇరవై ఏళ్లు పుట్టింటికి దూరం చేసింది. చివర పదకొండో రోజున మొగిలయ్య, కొమురమ్మ దంపతులు బుర్ర మీటుతూ పోయినాయన గురించి పాడతారు. వాళ్లు సినిమా కోసం వేషం కట్టిన నటులు కారు. వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన, కథలు చెప్పి బతికిన బుడగ జంగాల కళాకారులు. పాట సాగుతుంటే తెర మీద ఆ కుటుంబం ఏడుస్తుంది, తెర ముందు ఊరు ఏడుస్తుంది. ఆ సినిమా చూశాక ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కలిసిపోయారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి.

మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన చేసిన పని సినిమా కంటే చాలా పాతది. చావింట్లో దుఃఖం బిగదీసుకుని ఉంటుంది. ఎవరూ ఎవరితోనూ నోరు తెరవరు. పాటగాళ్లు వచ్చి పోయినవాడి పేరు పెట్టి, కొడుకుల పేర్లు పెట్టి, బిడ్డల పేర్లు పెట్టి పాడతారు. రెండు చరణాలు గడిచేసరికి ఇల్లంతా ఏడుస్తుంది. దాన్ని మూఢాచారమనీ డబ్బుల కోసం ఏడిపించడమనీ కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. బిగువును సడలింపుగా మార్చే విద్య అది. ఏ డిగ్రీ లేకుండా తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య.

ఇక నానమ్మ ప్రశ్నలో మిగిలిన సగానికి వద్దాం. తెలిసిన కథకే మళ్లీ మళ్లీ కన్నీరెందుకు? దీనికి జవాబు 2011లో మాంట్రియల్ నుంచి వచ్చింది. వాలరీ సలింపూర్, రాబర్ట్ జటోర్, వారి సహచరులు, సంగీతం వింటే ఒళ్లు పులకరించేవాళ్లను ఎంచుకుని, వాళ్లకు ప్రాణమైన పాటలను వాళ్లచేతే తెప్పించుకున్నారు. ఆ పాటలు వింటున్నప్పుడు వాళ్ల మెదడు చిత్రాలు తీశారు. పులకరింత వచ్చిన క్షణంలో మెదడులో ఒకచోట డోపమిన్ విడుదలైంది. అది ఊహించిందే. కానీ ఆ ఘట్టం రాబోతోందని ఎదురుచూస్తున్న కొద్ది సెకన్లలోనే మరోచోట డోపమిన్ విడుదలైంది. తెలియని పాటకు ఇంత కచ్చితమైన ఎదురుచూపు ఉండదు. మంగళసూత్రం మాట రాబోతోందని తెలిసినవాడికే ఆ ఎదురుచూపులోని రుచి. పది తీర్థాలు చూసిన నానమ్మ మనకంటే బాగా ఏడవగలగడంలో వింత ఏముంది?

పులకలకూ కన్నీటికీ తేడా ఉంది. జపాన్‌కు చెందిన మోరి, ఇవానగ 2017లో ఈ రెంటినీ విడదీసి చూశారు. పాట వింటూ పులకరించినప్పుడు శరీరం ఉత్తేజపడింది. కళ్లు చెమర్చినప్పుడు ఊపిరి నెమ్మదించింది, విన్నవాళ్లకు ఒక ప్రశాంతత కలిగింది. ఎఫ్రాన్, స్పాంగ్లర్ చెప్పిన సడలింపు ఇక్కడ మళ్లీ కనిపిస్తోంది. భరతుడు కూడా సాత్త్విక భావాలు ఎనిమిదింటిలో రోమాంచాన్ని ఒకటిగా, అశ్రువును వేరొకటిగా లెక్కపెట్టాడు. వాటిని సాత్త్వికాలు అనడానికి కారణం, మనసు అందులో పూర్తిగా మునగకపోతే అవి రావు. చేతులు ఊపినంత తేలిగ్గా వాటిని నటించలేం.

స్వరంలో ఏముంటే కన్నీరొస్తుంది? ఇంగ్లండులో జాన్ స్లొబోడా 1991లో 83 మంది శ్రోతలను, మిమ్మల్ని కదిలించిన సంగీతంలో కచ్చితంగా ఎక్కడ కదిలారో చెప్పండని అడిగాడు. వాళ్లు చూపించిన చోట్లను స్వరలిపిలో వెతికాడు. కన్నీళ్లు తెప్పించిన చోట్ల తరచుగా ఒకే పోకడ కనిపించింది. రాగం చేరాల్సిన స్వరం మీదికి నేరుగా వెళ్లదు. పక్క స్వరం మీద, కాస్త పొసగనట్టు, ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత అసలు చోటికి జారి కుదురుకుంటుంది. పాశ్చాత్య సంగీతం గురించి ఆయన చెప్పినదాన్ని మన రాగాలకు యథాతథంగా అంటించడం సరికాదు. కానీ పద్యం చివర నటుడు తీసే రాగం విన్నవారికి ఆ వర్ణన కొత్తగా అనిపించదు. షడ్జమం ఇదిగో అన్నట్టు దగ్గరికొచ్చి, చేరకుండా పక్కనే తచ్చాడి, మనం ఊపిరి బిగబట్టాక అప్పుడు వాలుతుంది. బిగువూ సడలింపూ కథలోనే కాదు, ఒక్క గమకంలో కూడా ఉన్నాయి.

ఇదంతా ఇయర్‌ఫోన్స్‌లోనూ జరుగుతుంది కదా, మరి ఎదురుగా పాడేవాడికి విలువేమిటి? జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో సాషా ఫ్రూహోల్జ్ బృందం 2024లో దీనికి ఒక చక్కటి ప్రయోగం చేసింది. 27 మంది శ్రోతలను ఒక్కొక్కరిగా ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి పియానో సంగీతం వినిపించారు. అదే సంగీతాన్ని ఒకసారి ముందే రికార్డు చేసి వినిపించారు, ఒకసారి అప్పటికప్పుడు వాయించారు. అప్పటికప్పుడు వాయించేటప్పుడు శ్రోత మెదడులో భావోద్వేగాలకు కీలకమైన అమిగ్డలా ఎంత చురుగ్గా ఉందో వాద్యకారుడికి కనిపించే ఏర్పాటు ఉంది. దాన్ని చూస్తూ ఆయన తన వాయింపును మార్చుకుంటూ పోయాడు. ఎదురుగా వాయించిన సంగీతానికి అమిగ్డలా రికార్డుకంటే ఎక్కువగా, నిలకడగా స్పందించింది.

మన పద్యనాటక నటుడికి ఎంఆర్‌ఐ అక్కరలేదు. మైదానం నిశ్శబ్దమైన తీరు, దగ్గు ఆగిపోవడం, ఎక్కడో ఒక వెక్కిళ్ల చప్పుడు, ఇవే ఆయనకు చాలు. జనం పట్టు మీద ఉన్నారనుకుంటే రాగం ఇంకో నిమిషం సాగదీస్తాడు. వన్స్ మోర్ అని కేక పడితే చనిపోబోయే పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ పాడుతుంది. చదువుకున్నవాళ్లు దీన్ని రసభంగమని చాలాకాలం ఎగతాళి చేశారు. జ్యూరిక్ ప్రయోగం చదివాక నాకు అది వేరుగా కనిపిస్తోంది. ప్రేక్షకుడి శరీరం నటుడికి కబురు పంపింది, నటుడు అందుకుని బదులిచ్చాడు. ఆ రాకపోకలు రికార్డులో ఉండవు. రికార్డు మనం ఏడ్చినా, నిద్రపోయినా ఒకేలా పాడుతుంది.

పక్కవాళ్ల సంగతి కూడా ఉంది. బెర్లిన్‌లో బేటోవెన్, బ్రామ్స్, బ్రెట్ డీన్‌ల రచనలు వాయించిన కచేరీలకు వచ్చిన 132 మంది శ్రోతల గుండె వేగాన్ని, ఊపిరిని, చర్మంలోని విద్యుత్ మార్పులను కొలిచారు. ఒకరికొకరు తెలియని ఆ మనుషుల శరీరాలు సంగీతంతో పాటు కొంత మేరకు ఒకే తీరున కదిలాయి. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్బార్ బృందం 2016లో మరో కోణం చూసింది. ఇల్లూవాకిలీ లేని ఒక మనిషి విషాద జీవితం మీద తీసిన సినిమాను కొందరికి, మామూలు డాక్యుమెంటరీలను మరికొందరికి చూపించారు. ముందూ తర్వాతా వాళ్లను గోడకుర్చీ వేయించి ఎంతసేపు ఓర్చుకుంటారో చూశారు. చిన్నప్పుడు బళ్లో మనం వేసిన అదే గోడకుర్చీ. విషాద చిత్రం చూసి బాగా కదిలినవాళ్లు ముందుకంటే ఎక్కువసేపు నొప్పికి ఓర్చుకున్నారు, పక్కన కూర్చుని చూసినవాళ్లతో ఎక్కువ దగ్గరితనం చెప్పుకున్నారు. మెదడులో తయారయ్యే, నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు దీనికి కారణమని వాళ్ల అభిప్రాయం. నానమ్మ తీర్థం నుంచి రెండు మైళ్లు కాళ్ల నొప్పి లేకుండా నడిచొచ్చిందంటే నమ్మాల్సిందే.

అయితే ఈ కన్నీటికి ఒక షరతుంది. ఆ కష్టం మరీ మనదే కాకూడదు. క్రీస్తుపూర్వం 494లో పర్షియన్లు మిలేటస్ నగరాన్ని నాశనం చేశారు. మిలేటస్ ఏథెన్స్‌కు చుట్టాల ఊరి లాంటిది. ఆ గాయం పచ్చిగా ఉండగానే ఫ్రూనికస్ అనే కవి దాని మీద నాటకం ఆడించాడు. ప్రేక్షకశాల మొత్తం భోరున ఏడ్చింది. ఏథెన్స్ వాళ్లు ఆయనను మెచ్చుకోలేదు, 1000 ద్రాక్మాల జరిమానా వేశారు, ఇక ఎవరూ దాన్ని ఆడకూడదని ఆజ్ఞ పెట్టారు. హెరొడోటస్ తన చరిత్రలో రాసిన సంగతి ఇది. అదీ ఏడుపే, కానీ హాయినిచ్చిన ఏడుపు కాదు.

మన భవభూతి ఈ విషయాన్ని ఇంకా లోతుగా చూశాడు. ఎనిమిదో శతాబ్దంలో ఆయన రాసిన ఉత్తరరామచరితంలో మొదటి అంకంలో సీతారాములు తమ వనవాసపు బొమ్మలు చూస్తారు. సీతాపహరణపు బొమ్మ దగ్గర రాముడి కళ్లు నిండుతాయి. చివరి అంకంలో వాల్మీకి గంగ ఒడ్డున నాటకం ఆడిస్తాడు, అడవిలో వదిలేసిన తర్వాత సీతకు ఏమైందో చూపిస్తాడు. ప్రేక్షకుల్లో రాముడున్నాడు. అది నాటకమన్న సంగతి మరిచిపోయి ఆయన స్టేజీ మీది సీతను పిలుస్తాడు. లక్ష్మణుడు, అన్నా, ఇది నాటకమని గుర్తు చేయాల్సి వస్తుంది. చివరకు రాముడు మూర్ఛపోతాడు. బొమ్మకూ కన్నీరు, నాటకానికీ కన్నీరు. రెండూ ఆయన సొంత గాయాలే కాబట్టి ఆయనకు రసం లేదు, నొప్పి ఒక్కటే ఉంది. ఆ పక్కనే అదే నాటకం చూస్తున్న మనకు రసముంది.

కష్టం ఎవరిదీ కానప్పుడే అది అందరిదీ అవుతుందని భట్టనాయకుడు, ఆ తర్వాత అభినవగుప్తుడు చెప్పారు. దాన్ని సాధారణీకరణం అన్నారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో విన్‌ఫ్రీడ్ మెనింగ్‌హౌస్ బృందం 2017లో ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి దగ్గరగా ఉంది. ఇది కళ అన్న ఎరుక మనకు కాస్త దూరాన్నిస్తుంది, ఆ దూరం వల్లే మనం విషాదాన్ని భయపడకుండా దగ్గరికి తీసుకోగలుగుతాం అంటారు వాళ్లు. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అన్నదాన్ని ఇవాళ కొలతలతో పరీక్షిస్తున్నారు.

బొమ్మల ముందు ఏడ్చేవాళ్లు తక్కువ. బొమ్మ కదలదు, ఊపిరి బిగబట్టించి వదలదు. అయినా అమెరికాలోని హ్యూస్టన్‌లో 1971లో తెరిచిన రోత్కో చాపెల్‌లో మార్క్ రోత్కో వేసిన 14 పెద్ద చిత్రాలున్నాయి. దాదాపు నలుపు, ముదురు ఊదా రంగులు తప్ప ఏమీ లేని ఆ తెరల ముందు కూర్చుని కన్నీరు పెట్టుకునేవారు ఎప్పుడూ ఉంటారు. అక్కడ కథ లేదు, పాత్ర లేదు. నిశ్శబ్దం, కావలసినంత సమయం ఉన్నాయి. హ్యూస్టన్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక మధ్యాహ్నం ఫోను కారులో వదిలి అక్కడ అరగంట కూర్చోవచ్చు.

కన్నీరు రానివాళ్ల మాట కూడా చెప్పాలి. సంగీతం వినడంలో ఏ ఆనందమూ తెలియని కొద్దిమంది ఉంటారని బార్సిలోనా పరిశోధకులు 2014లో చూపించారు. వాళ్లకు చెవుడు లేదు, దిగులు జబ్బు లేదు, డబ్బు గెలిస్తే అందరిలాగే సంతోషిస్తారు. సంగీతం మాత్రం తాకదు. పులకరింత వచ్చేవారి మెదడులో వినికిడి ప్రాంతానికీ భావోద్వేగ ప్రాంతాలకూ మధ్య నాడీ తీగలు ఎక్కువ ఉన్నాయని 2016లో మరో అధ్యయనం చూపింది. కాబట్టి పక్కవాడు ఏడవకపోతే రాతిగుండె అనకండి. ఏడిస్తే ఆడంగి అనడం అంతకంటే తప్పు. మన మగపిల్లలకు చేసే అన్యాయాల్లో అదొకటి. బలగం చూస్తూ పంచాయతీ ముందు వెక్కి వెక్కి ఏడ్చిన ముసలి రైతుల్లో ఏ లోటూ లేదు.

కన్నీరు ఎదుటివారిని మెత్తబరుస్తుందనడానికి శరీరంలోనే సాక్ష్యం ఉంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థలో నోమ్ సోబెల్ బృందం, విషాద చిత్రాలు చూసి ఏడ్చిన స్త్రీల కన్నీటిని సేకరించి, అదేమిటో చెప్పకుండా మగవాళ్లకు వాసన చూపించింది. దానికి ఏ వాసనా తెలియదు. అయినా 2023లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో, ఆటలో పగతీర్చుకునే ధోరణి 40 శాతానికి పైగా తగ్గింది. ఇప్పటివరకు ఉన్న ఆధారాల ప్రకారం మనసు కదిలి కన్నీరు పెట్టే ప్రాణి మనిషి ఒక్కడే. పుట్టిన పిల్లలు కూడా మొదటి కొన్ని వారాలు గుక్కపెట్టి ఏడుస్తారు తప్ప కన్నీరు రాల్చరు. చిన్నతనంలో దెబ్బకు ఏడుస్తాం. వయసు పెరిగేకొద్దీ సొంత నొప్పికి కన్నీరు తగ్గి, పరాయివాళ్ల మంచితనానికి రావడం ఎక్కువవుతుందని నెదర్లాండ్స్‌లో దశాబ్దాలుగా ఏడుపు మీద పనిచేసిన ఆడ్ వింగర్‌హూట్స్ అంటారు. తాతయ్యలు టీవీలో పెళ్లి అప్పగింతలు చూసినా కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం బలహీనత కాదు, ఎదుగుదల.

ఒక్క మాటతో ఆపుతాను. చప్పట్లు నటుడికి వినిపిస్తాయి, ఈలలు వినిపిస్తాయి. కన్నీరు వినిపించదు. స్టేజీ లైట్లు కళ్లలో పడుతుంటే మొదటి రెండు వరుసలు దాటి ఆయనకు ఏమీ కనిపించదు కూడా. ఈసారి మీ ఊరి తీర్థంలోనో, సురభి వాళ్ల డేరాలోనో, కచేరీ హాల్లోనో, కర్మ రోజున పాడవచ్చిన వాళ్ల ముందో మీ కళ్లు తడిస్తే, అయిపోగానే లేచి వెళ్లిపోకండి. తెర వెనక్కి వెళ్లండి. రంగు తుడుచుకుంటున్న ఆ మనిషికి, ఫలానా చోట ఏడ్చానండీ అని చెప్పి రండి.